కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లోకి పిల్లిపిల్లను తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మేం తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. పక్కింటి మెట్ల కింద పిల్లి ఈనింది. పిల్లలకు నెల దాటింది. ఒకదాన్ని తెచ్చుకుందామని రెండో తరగతి చదివే మా పాప రోజూ ఏడుస్తోంది. నాకిప్పుడు మూడో నెల. పిల్లి వెంట్రుకలు లోపలికి పోతే గర్భం నిలవదని మా అత్తగారు భయపడుతున్నారు. పాపకు చలికాలంలో ఆయాసం వస్తుంటుంది. మాది శాకాహార కుటుంబం. తెచ్చుకోవచ్చా? తెచ్చుకుంటే ఇంట్లో ఏమేం చూసుకోవాలి? – ఒక సోదరి, తిరుపతి

సలహా: తెచ్చుకోవచ్చమ్మా. కానీ ఇప్పుడే వద్దు. పిల్లిపిల్ల కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండాలి. అంతకుముందే విడదీస్తే సరిగా తినదు, త్వరగా జబ్బు పడుతుంది, కరవడం, గీరడం కూడా ఎక్కువగా ఉంటుంది. ఈ మూడు నాలుగు వారాల్లో ఇల్లు సిద్ధం చేసుకోండి.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయను. వెంట్రుకల వల్ల గర్భం పోదు గానీ, పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండే అవకాశం ఉంది. గర్భిణికి అది మొదటిసారి సోకితే బిడ్డకు చేరవచ్చు. కంటికి, మెదడుకు హాని చేయవచ్చు, ఒక్కోసారి గర్భస్రావం కూడా కావచ్చు. అయితే అది మనకు చేరే దారి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. పచ్చి మాంసమో, ఎలుకనో, పిట్టనో తిన్న పిల్లికి ఇది సోకుతుంది. సోకిన కొత్తలో ఒకటి నుంచి మూడు వారాల పాటు మలంలో దాని గుడ్లు బయటికి వస్తాయి. ఆ గుడ్లు కూడా వెంటనే సోకవు. సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు, ఒక్కోసారి ఐదు రోజులు పడుతుంది. అందుకే మలాన్ని ఏ రోజుకారోజు తీసేస్తే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. ఆ పని మీవారికి అప్పగించండి. కాన్పు అయ్యేదాకా పిల్లి మలవిసర్జనకు పెట్టే ఇసుక ట్రేను మీరు ముట్టుకోకండి. తప్పనిసరైతే గ్లవ్స్ వేసుకుని తీసి, వెంటనే సబ్బుతో చేతులు కడుక్కోండి.

సరిగా ఉడకని మాంసం వల్ల కూడా ఇది మనుషులకు సోకుతుంది. మీరు మాంసం తినరు కాబట్టి ఆ దారి ఎలాగూ లేదు. మిగిలినవి మట్టి, సరిగా కడగని ఆకుకూరలు. వీధి పిల్లులు గుల్ల మట్టి కనిపిస్తే గోకి, మలం పోసి కప్పేస్తాయి. మీరు రోజూ నీళ్లు పోసే తులసికోట, పూలకుండీలు, ఇల్లు కట్టేచోట పోసిన ఇసుక గుట్ట వాటికి అనువైన చోట్లు. ఇంట్లో పెరిగే పిల్లి కంటే మీకు ఈ మట్టితోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. కలుపు తీసేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి. పాపను ఆ ఇసుకలో ఆడనివ్వకండి. కొత్తిమీర, పుదీనా, పచ్చిగా తినే క్యారెట్ ధారగా పడే నీళ్లలో బాగా కడగండి. ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు టాక్సోప్లాస్మా రక్తపరీక్ష అవసరమా అని మీ గైనకాలజిస్టును అడగండి.

మీరు అడగలేదు గానీ, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది రేబిస్. కుక్క కరిస్తే పరుగెత్తుకొచ్చేవాళ్లు కూడా పిల్లి గీరితే పసుపు అద్ది ఊరుకుంటారు. పిల్లి వల్ల కూడా రేబిస్ వస్తుంది. లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరినీ కాపాడలేం. పిల్లిపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. ఏడాదికి మళ్లీ వేయించాలి. ఎవరికైనా పంటిగాటు పడినా, గోరు గీసుకున్నా పావుగంట సేపు కుళాయి కింద సబ్బుతో కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి. అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. మన తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా ఉచితంగానే వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు. రక్తం వచ్చేలా గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలి. గర్భిణులకు ఈ టీకా సురక్షితం, కాబట్టి కడుపుతో ఉన్నానని వెనకాడకండి. తిడతారనే భయంతో పిల్లలు గీతలు దాచేస్తారు. ‘గీరితే వెంటనే చెప్పు, ఏమీ అనం’ అని పాపకు ముందే చెప్పి ఉంచండి.

ఇక పాప ఆయాసం. పిల్లి ఎలర్జీకి అసలు కారణం వెంట్రుక కాదు. లాలాజలంలో, చర్మంలో ఉండే ఒక ప్రోటీన్. పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడు అది బొచ్చుకు అంటుకుని, ఎండి, గాల్లో తేలుతుంది. తెచ్చుకునే ముందు పాపను పిల్లి ఉన్న బంధువుల ఇంట్లో రెండు మూడు సార్లు కొన్ని గంటలు ఉంచి చూడండి. తుమ్ములు, కళ్ల దురద, ఊపిరి తీస్తుంటే ఛాతీలో పిల్లికూతలు వస్తే ఈ ఆలోచన మానుకోండి. ఏమీ రాకపోయినా పిల్లల డాక్టరుతో ఒక మాట చెప్పి, ఆ తర్వాతే తెచ్చుకోండి. పడకగదిలోకి మాత్రం పిల్లిని రానివ్వొద్దు. చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి. తెచ్చుకున్నాక ఆయాసం ఎక్కువైతే మొహమాటపడకుండా పిల్లిని మరో మంచి ఇంటికి ఇచ్చేయండి.

మీ ఇంట్లో మాంసం వండరు. పాలన్నం, పెరుగన్నంతో పిల్లి బతకదు. దాని గుండెకు, కళ్లకు కావలసిన టారిన్ అనే పోషకం మాంసాహారంలోనే దొరుకుతుంది. ఆవుపాలు తాగిస్తే చాలా పిల్లిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. పిల్లిపిల్లల కోసమే అమ్మే ప్యాకెట్ ఆహారం కొనండి. అందులోనూ మాంసమో చేపలో ఉంటాయి కాబట్టి, అది ఇంట్లోకి రావడం మీ అత్తగారికి సమ్మతమేనా అని ముందే అడగండి. ఆవిడ ఒప్పుకోకపోతే పిల్లిని తేవొద్దు, దాన్ని అర్ధాకలితో పెంచడం పాపం.

ఇంట్లో సర్దాల్సినవి చెబుతాను. ట్రేలో ఇసుక పోసి వంటగదికి, పూజగదికి దూరంగా, గాలి తగిలే మూల పెట్టండి. నేల ఫినాయిల్‌తో తుడిచే అలవాటుంటే మానుకోండి. తడి నేల మీద నడిచి కాళ్లు నాక్కుంటుంది, ఫినాయిల్ దానికి విషం. కర్పూరం, కలరా ఉండలు, ఎలుకల మందు అందకుండా పెట్టండి. పూలు కట్టే దారం, సూదీదారం కింద వదలకండి. దారం మింగితే పేగులు మడతపడి ఆపరేషన్ దాకా పోతుంది. జ్వరమొచ్చిందని మన పారాసిటమాల్ వేస్తే ఒక్క మాత్రతోనే చనిపోవచ్చు. కుక్కలకు వాడే గోమారి మందులు కూడా కొన్ని పిల్లులకు ప్రాణాంతకం.

తెచ్చిన రోజే పశువైద్యుడికి చూపించండి. మన తిరుపతిలోనే పశువైద్య కళాశాల ఉంది, అక్కడి ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు. నులిపురుగుల మందు వేస్తారు. గోమార్లు, తామర ఉన్నాయేమో చూస్తారు. తామర పిల్లిపిల్లల నుంచి పిల్లలకు తేలిగ్గా అంటుకుంటుంది. మిగతా టీకాలు ఎనిమిది వారాల వయసు నుంచి మొదలవుతాయి. పిల్లికి ఐదు నెలలు వచ్చేసరికి మీకు దాదాపు ఏడో నెల ఉంటుంది. ఆడపిల్లి అయితే అప్పటికే ఎదకు రావచ్చు, మగదైతే ఇంట్లో మూత్రం చిమ్మడం మొదలుపెట్టవచ్చు. పిల్లికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ తేదీ ముందే మాట్లాడుకుని, మీరు కాన్పుకు వెళ్లేలోపు చేయించేయండి.