మేత ఖర్చు ఎవరిదో తేల్చాకే గడువు పెట్టండి

“జంతువులతో సంపాదనను ఆపాలంటే ఒక్కసారిగా నిషేధించాలా, దశలవారీగా తగ్గించాలా?” అని అడిగారు. జంతువు తాడు ఎవరి చేతిలో ఉందో చూసి తేల్చాల్సిన విషయమిది.

సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది. అలా పరీక్షించిన సరుకు దిగుమతినీ అదే ఏడాది ఆపింది. దానివల్ల ఎవరింట్లోనూ పొయ్యి ఆరలేదు. అలాంటి చోట గడువు ఎందుకు?

ఎలుగుబంట్లను ఆడించే కలందరులది వేరే కథ. 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉన్నా ఆట దశాబ్దాలపాటు సాగింది. ఎలుగును అప్పగించిన కుటుంబానికి మరో పని చేసుకోవడానికి డబ్బు సాయం, ఎలుగుకు ఆగ్రా వంటి చోట్ల ఆశ్రయం దొరికాకే అది తగ్గుముఖం పట్టింది.

నేను వరంగల్ దగ్గర పశువైద్యశాలలో సహాయకుడిగా పనిచేశాను. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తోలే రోజుల్లో, కాడి ఒరిపిడికి మూపు పచ్చిపుండైన ఎడ్లను తెచ్చేవారు. ఈగలు ముసరకుండా వేపనూనె రాసి, కొన్నాళ్లు బండి కట్టొద్దని చెబితే “కట్టకపోతే మేమేం తినాలి, అదేం తినాలి సారూ” అనేవారు. 1965 నాటి నిబంధనల ప్రకారం రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటితే మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలు కట్టకూడదు. మా ఓరుగల్లు మే నెలలో ఆ లెక్కన దాదాపు రోజూ బండి ఆగాలి. ఆపిన అధికారి మాత్రం నా కంట పడలేదు.

ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు వచ్చి చట్టం చేయని పని చేశాయి. బండ్లు పోయాయి, ఎడ్లు అంగడికి వెళ్లాయి. పనికిరాని ఎద్దును కొనేదెవరో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ముంబైలో గుర్రపు విక్టోరియా బండ్లు చట్టవిరుద్ధమని 2015లో హైకోర్టు తేల్చి, ఏడాది గడువిచ్చి, బండివాళ్లకు పునరావాసం చూపమంది. మంచిదే. అయితే కాడి దించాక కూడా ఎద్దు ఏళ్ల తరబడి బతుకుతుంది. అందుకే ముందు ఉన్నవాటిని నమోదు చేసి, కొత్త అనుమతులు ఆపి, జంతువును ప్రభుత్వమే కొని, అది బతికినన్నాళ్లూ మేత ఖర్చును బడ్జెట్‌లో చూపాలి.

పాడిని ఇప్పుడే ఇందులోకి లాగవద్దు, అది ఊరూరా ఇంటింటి ఆదాయం. గంగిరెద్దులతో మొదలుపెట్టవచ్చు. ఆడించకూడని జంతువుల జాబితాలో కేంద్రం 2011లోనే ఎద్దును చేర్చింది, అయినా సంక్రాంతికి గంగిరెద్దు మా వాకిట్లోకి వస్తూనే ఉంది. ఆ కుటుంబాలు తక్కువే కాబట్టి ఒక జిల్లాలో చేసి చూస్తే అసలు ఖర్చెంతో తేలుతుంది.