మ్యాప్ బాగుంది, మరి నాలా ఏది?

ప్రశ్న: మా కాలనీ సంఘం వాళ్లం వీధుల డిజిటల్ మ్యాప్ కొన్నాం. చూడ్డానికి బాగుంది. నాణ్యత ఎలా తేల్చుకోవాలి? – ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: రంగులు చూసి నమ్మకండమ్మా. ముప్పై ఏళ్లు సర్వే పని చేసినవాణ్ణి, నేనూ బోల్తాపడ్డాను. ఆ మ్యాప్‌లో ఇళ్లన్నీ ఉన్నాయి, నాలా (వాన నీటి కాలువ) ఒక్కటే లేదు! మ్యాప్ సమాచారం నాణ్యతకు ఐఎస్ఓ 19157 అని ఓ అంతర్జాతీయ ప్రమాణం ఉంది; అందులో దీన్ని సంపూర్ణత లోపం కింద లెక్కేస్తారు. చీటీలు తీసి ఓ 20 చోట్లు ఎంచుకుని నడిచి చూడండి. అమ్మినవాళ్లు చూపించే చోట్లు వద్దు. ఉన్నది వదిలేయడం, లేనిది గీయడం వేర్వేరుగా రాసుకోండి. వీధి పేర్లు, మ్యాప్ తేదీ కూడా చూడండి.

స్థానం తప్పులు మాత్రం ఫోన్ జీపీఎస్‌తో పట్టకండి. ఆరుబయటే సుమారు 5 మీటర్లు అటూఇటూ చూపిస్తుంది, మన ఇరుకు సందుల్లో ఇక చెప్పక్కర్లేదు. కొలిచే సాధనం మ్యాప్ కన్నా నిక్కచ్చిగా ఉండాలి కదా.

రిపోర్టులో ‘బాగుంది’ అని రాయకండి. ‘20లో 17 సరి, ఫలానా తేదీన, ఇలా చూశాం’ అని రాసి మ్యాప్ ఫైలుతోనే ఉంచండి. ఇంతకీ మ్యాప్ దేనికి? వరద నీటి కోసమైతే, ఒక్క నాలా తగ్గినా తిప్పి పంపండి.