మీ ప్రశ్నలు, మా జవాబులు: సన్నని గాజు ఫైబర్ సెన్సర్లు

ప్రశ్న: 125 మైక్రాన్ల సింగిల్ మోడ్ (కాంతి ఒకే తీరులో సాగే) ఫైబర్‌ను మంట మీద 1 మైక్రాన్ దాకా సాగదీయాలంటే ఎంత లాగాలి? లాగుతుంటే, ఫైబర్ గుండా వచ్చే కాంతిని కొలిచే పవర్ మీటర్ రీడింగ్ ఎందుకు ఊగుతోంది?

జవాబు: మంటలో మెత్తబడే పొడవు మారకుండా ఉంటే లెక్క సులువే. మొదటి వ్యాసాన్ని చివరి వ్యాసంతో భాగించి, సహజ లాగరిథమ్ తీసి, దాన్ని మెత్తబడే పొడవుతో గుణించి, రెట్టింపు చేయండి. మెత్తబడేది 5 మిల్లీమీటర్లయితే రెండు వైపులా కలిపి సుమారు 48 మిల్లీమీటర్లు లాగాలి.

రీడింగ్ ఊగడానికి కారణం వాలు, అంటే ఫైబర్ ఎంత త్వరగా సన్నబడుతుందన్నది. కోర్‌లోని (ఫైబర్ నడిమి భాగంలోని) కాంతి క్లాడింగ్‌లోకి (దాని చుట్టూ ఉన్న గాజు పొరలోకి) విస్తరించే చోట ఫైబర్ మరీ తొందరగా సన్నబడితే, కొంత కాంతి పై మోడ్లలోకి, అంటే కాంతి సాగే ఇతర తీరుల్లోకి, మళ్లుతుంది. ఆ మోడ్లన్నీ ఒకదానితో ఒకటి వ్యతికరించి రీడింగ్‌ను ఊపుతాయి. 1550 నానోమీటర్ల కాంతికి గాలిలో నడుము (ఫైబర్‌లో అన్నిటికన్నా సన్నని భాగం) సుమారు 1.1 మైక్రాన్ల కన్నా సన్నబడితే పై మోడ్లు నిలవవు, ఊగుడు ఆగుతుంది. లాగడం ఆపడానికి ఇది మంచి గుర్తు. అయితే ఆ మోడ్లలోకి పోయిన కాంతి మాత్రం పోయినట్టే. బర్నర్‌ను అటూ ఇటూ కదిలించి మెత్తబడే పొడవు 10 మిల్లీమీటర్లు చేయండి, వాలు మెల్లగా వస్తుంది. లాగుడు కూడా దాదాపు 97 మిల్లీమీటర్లవుతుందని మరవకండి. చివర్లో తెగిపోతుంటే వేడి చాలకపోయినా కావచ్చు, గ్యాస్ విసురు ఎక్కువైనా కావచ్చు.

ప్రశ్న: తయారైనప్పుడు బాగానే ఉంది. ముట్టుకోకుండా వదిలేసినా కొన్ని గంటలకు సిగ్నల్ పడిపోతోంది.

జవాబు: దుమ్ము. నడుము దగ్గర కాంతిలో కొంత భాగం గాజు బయటే ప్రయాణిస్తుంది కాబట్టి అంటుకున్న ప్రతి రేణువూ దాన్ని చెదరగొడుతుంది. గది చీకటి చేసి ఎర్ర లేజర్ పంపండి, దుమ్మున్న చోట చుక్క మెరుస్తుంది. తుడవబోతే తెగిపోతుంది. లాగిన వెంటనే మూత ఉన్న పెట్టెలో పెట్టాలి. ఫైబర్‌ను అతికించే జిగురు సన్నబడని భాగానికే వేయాలి. లాగే ముందు పూత ఒలిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకపోతే మిగిలిన పూత మంటలో మాడి అక్కడే అంటుకుంటుంది.

ప్రశ్న: పంచదార ద్రావణంలో గాఢత కొలుస్తుంటే రీడింగ్ ఒక చోట నిలవకుండా మారిపోతోంది.

జవాబు: ముందు ఉష్ణోగ్రత చూడండి. 0.1 శాతం పంచదార కలిపితే ద్రావణం వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య, సెన్సర్ స్పందించేది దీనికే) సుమారు 0.00014 పెరుగుతుంది. నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 0.0001 తగ్గుతుంది. పక్కనే థర్మిస్టర్ (ఉష్ణోగ్రత కొలిచే చిన్న భాగం) పెట్టి సవరించుకోండి.