రాత్రి ఒకటీ నలభైకి ఆట: రగ్బీపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒక దేశపు రగ్బీ జట్టును ఏడాది పొడవునా అనుసరించేవాళ్లు విజయవాడ, గుంటూరుల్లో తక్కువే. కానీ వాళ్ల ప్రశ్నలు మాత్రం లోతుగా ఉంటున్నాయి. ఈ నెల వచ్చినవాటిలో ఆరింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: నాకు దక్షిణాఫ్రికా జట్టంటే ప్రాణం. న్యూజిలాండ్‌తో ఆడిన 2023 ప్రపంచకప్ ఫైనల్ హైలైట్స్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పోలార్డ్ నాలుగు పెనాల్టీలు కొట్టాడు, గెలిచారు. అంతకుమించి నాకేమీ అర్థం కావడం లేదు. ఒక్క ట్రై (బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత దాటించి నేలకి ఆనించడం) కూడా లేకుండా ఎలా గెలిచారు? మ్యాచ్‌కి ముందే జట్టు బలం అంచనా వేయడానికి దారి ఉందా? (పటమట, విజయవాడ)

జవాబు: హైలైట్స్‌లో ఆ మ్యాచ్ మీకు దొరకదు. జట్టు జాబితాలో దొరుకుతుంది. టెస్టుకు, అంటే దేశాల మధ్య మ్యాచ్‌కు, రెండు మూడు రోజుల ముందు 23 పేర్లు ప్రకటిస్తారు. 1 నుంచి 8 ఫార్వర్డ్‌లు (ముందుండి ఢీకొట్టేవాళ్లు), 9 నుంచి 15 బ్యాక్‌లు (వెనక నుంచి పరిగెత్తేవాళ్లు), 16 నుంచి 23 బెంచి (మార్పు ఆటగాళ్లు). చాలామంది పదో నంబరు జెర్సీ, అంటే ఆట నడిపే ఫ్లై హాఫ్ చోటు, ఎవరిదని వెతుకుతారు. మీరు జాబితాను కింది నుంచి పైకి చదవండి.

బెంచిలో 16, 17, 18 ఎప్పుడూ స్క్రమ్ (రెండు జట్ల ఫార్వర్డ్‌లూ వంగి ఒకరినొకరు నెట్టుకునే పోటీ) ముందు వరుసవాళ్లే: మధ్యలో నిలబడే హుకర్ ఒకడు, అతని రెండు వైపులకీ ఒక్కో ప్రాప్. ఆ చోటుకి ఎవరిని పడితే వాళ్లని పెడితే మెడలు విరుగుతాయి. అందుకే అంతర్జాతీయ మ్యాచ్‌లో ముందు వరుస ఆడగలవాళ్లు 23 మందిలో కనీసం ఆరుగురు ఉండాలని నియమం. మిగిలిన అయిదు చోట్ల ఎవరున్నారన్నదే అసలు విషయం. మామూలుగా మొత్తం ఎనిమిది మందిలో అయిదుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు బ్యాక్‌లు ఉంటారు. ఆరు–రెండు అయితే ఆ కోచ్ రెండో సగంలో స్క్రమ్‌ని నమ్ముకున్నాడని అర్థం. ఆ ఫైనల్‌కి దక్షిణాఫ్రికా ఏకంగా ఏడు–ఒకటి పెట్టింది. బెంచిలో ఉన్న ఒకే ఒక్క బ్యాక్ విలీ లె రూ. తొమ్మిదో నంబరుకు మార్పు మనిషే లేడు, ఫాఫ్ డి క్లర్క్ 80 నిమిషాలూ ఆడాడు.

బెంచి మీది ఫార్వర్డ్‌ల బలం అంతకుముందు సెమీఫైనల్లోనే, ఇంగ్లండ్ మీద కనబడింది. అప్పటిదాకా వెనకబడి ఉన్నారు. ఆఖర్లో బెంచి మీది నుంచి వచ్చిన ఆక్స్ ఎన్‌చే స్క్రమ్‌లో ఎదుటివాణ్ని వంచేశాడు, పెనాల్టీ దొరికింది. దాదాపు మధ్య గీత దగ్గర్నుంచి పోలార్డ్ కొట్టాడు: 16–15. అంతకుముందు క్వార్టర్స్‌లో ఫ్రాన్స్ మీద 29–28. ఫైనల్ 12–11. మూడు నాకౌట్లూ ఒక్కొక్క పాయింటుతోనే గెలిచారు.

ఇక అదే జాబితాలో దాగిన ప్రమాదం. టోర్నీ మధ్యలో హుకర్ మాల్కమ్ మార్క్స్ మోకాలి గాయంతో ఇంటికెళ్లాడు. అతని చోటులో ఇంకో హుకర్‌ని కాకుండా పోలార్డ్‌ని, అంటే ఫ్లై హాఫ్‌ని పిలిపించారు. దాంతో అసలు హుకర్ బోంగి ఎంబొనంబి ఒక్కడే మిగిలాడు. అతనికేమైనా అయితే ఆదుకోవాల్సింది ఫ్లాంకర్‌గా (స్క్రమ్ అంచున ఉండే ఫార్వర్డ్‌గా) ఆడే డియాన్ ఫూరీ. ఫైనల్ మొదలైన మూడు నిమిషాలకల్లా ఎంబొనంబి కుంటుతూ బయటికొచ్చాడు. 37 ఏళ్ల ఫూరీ మిగతా మ్యాచంతా హుకర్‌గా నిలబడ్డాడు. లైనౌట్‌లో (బయటికెళ్లిన బంతిని గీత దగ్గర్నుంచి లోపలికి విసిరేటప్పుడు) బంతి విసరాల్సింది హుకరే కాబట్టి అక్కడ దక్షిణాఫ్రికా తడబడింది. మీరు మ్యాచ్ పూర్తిగా చూస్తే ఆ తడబాటు కళ్లకు కడుతుంది. అయితే ఆ రాత్రి 12 పాయింట్లూ కొట్టింది, మార్క్స్ బదులు వచ్చిన పోలార్డే.

అటు న్యూజిలాండ్‌ని చూడండి. కెప్టెన్ శామ్ కేన్ ఎల్లో కార్డు సమీక్షలో రెడ్‌గా మారింది. మొదటి సగంలోనే మొదలై చివరిదాకా 14 మందితో ఆడారు. బోడెన్ బారెట్ ట్రై వేశాడు, అయిదు పాయింట్లు. దాని మీద కన్వర్షన్ (ట్రై తర్వాత గోల్‌కి కొట్టే కిక్) పడి ఉంటే ఇంకో రెండు, 13–12. అది పక్కకుపోయింది. మా లెక్కలో ఆ ఫైనల్‌ని నిలబెట్టింది దక్షిణాఫ్రికా ఆటగాడు పీటర్ స్టెఫ్ డు టోయ్. ఒక్కడే 28 టాకిల్స్ చేశాడు, అంటే 28 సార్లు ఎదుటివాళ్లని పట్టి పడేశాడు.

ప్రశ్న: మా తాతగారి రోజుల నుంచీ మా ఇంట్లో అందరం కబడ్డీ వాళ్లం. రగ్బీలో పట్టు అర్థమవుతుంది గానీ, పట్టి పడేశాక ఈల ఎందుకు వేస్తారో, ఏ వైపుకి ఇస్తారో తెలియడం లేదు. (తెనాలి)

జవాబు: మీ చిక్కు కబడ్డీ నుంచే వస్తోంది. కబడ్డీలో కూత ఆగేదాకా పట్టు వదలకూడదు. రగ్బీలో మనిషి నేల తాకగానే పట్టు వదిలేయాలి, వదిలి పక్కకి దొర్లిపోవాలి. పడ్డవాడు కూడా బంతిని వెంటనే వదలాలి. తన జట్టు వైపుకి చాచి పెట్టొచ్చు గానీ, హత్తుకుని పడుకోకూడదు. కాలి పట్టు, నడుం పట్టు రెండూ చెల్లుతాయి. భుజాల గీత దాటి పైన పడితే మాత్రం పెనాల్టీ, తలకి తగిలితే కార్డు దాకా పోతుంది.

ఇప్పుడు మూడో మనిషి వస్తాడు. అందరూ బంతిని చూస్తున్నప్పుడు మీరు ఈ మూడోవాడి కాళ్లు, మోచేతులు చూడండి. తన వైపు నుంచి, అంటే వెనక నుంచి వచ్చాడా? పక్క నుంచి దూరాడా? కాళ్ల మీద నిలబడే బంతి పట్టాడా? చేతులు బంతిని దాటి నేల మీద ఆనాయా? ఆనితే పెనాల్టీ అతని మీదే. నిలబడి బంతిని లాగుతున్నా పడ్డవాడు వదలకపోతే, పెనాల్టీ పడ్డవాడి మీద. రెండు జట్ల నుంచీ ఒక్కొక్కరైనా బంతి మీద నిలబడి ఢీకొన్నాక అది రక్ అవుతుంది. ఆ తర్వాత కొత్తగా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ముందే చెయ్యి వేసినవాడు మాత్రం కొనసాగించొచ్చు. ఇదంతా రెండు మూడు సెకన్లలో జరిగిపోతుంది. అందుకే మొదట్లో ఏ ఒక్కటీ పట్టుబడదు. ఒక మ్యాచంతా మూడోవాణ్నే చూడండి, రెండో మ్యాచ్‌కి ఈల మీకే ముందు వినిపిస్తుంది.

రిఫరీ చెయ్యి తిన్నగా పైకి ఏటవాలుగా లేస్తే పెనాల్టీ: గోల్‌కి కొడితే మూడు పాయింట్లు, బయటికి కొడితే లైనౌట్ మళ్లీ వాళ్లదే. మోచెయ్యి మడిచి ఎత్తితే ఫ్రీ కిక్. దాన్ని గోల్‌కి కొట్టే వీల్లేదు.

ప్రశ్న: మ్యాచ్ టైములు ఎప్పుడూ తప్పుతున్నాయి. పోయిన నవంబరులో అలారం పెట్టుకుని లేస్తే ఆట అయిపోయింది. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: రెండు చోట్ల తప్పు జరుగుతుంది. మొదటిది ఐరోపా గడియారం. బ్రిటన్, ఐర్లండ్ అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి తిప్పుతాయి. వేసవిలో మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటల తేడా, ఆ ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా అయిదున్నర. అంటే నవంబరులో లండన్‌లో మధ్యాహ్నం 3:10 ఆట మనకి రాత్రి 8:40కి. సాయంత్రం 5:40 ఆట 11:10కి. రాత్రి 8:10 ఆట ఒకటీ నలభైకి. ఫ్రాన్స్, ఇటలీ వాళ్లు లండన్ కంటే గంట ముందుంటారు కాబట్టి వాళ్లకి చలికాలంలో నాలుగున్నరే.

రెండో తప్పు తేదీది. శనివారం మ్యాచ్ అని రాసుకుంటారు. పంచాంగం ప్రకారం తెల్లవారేదాకా శనివారమే, ఫోను లెక్కలో మాత్రం ఒకటీ నలభై ఆదివారం. అలారం శనివారానికి పెడితే 24 గంటల ముందు మోగుతుంది, ఆదివారం రాత్రికి పెడితే మ్యాచ్ అయిపోయి ఉంటుంది.

దక్షిణాదిలో దక్షిణాఫ్రికా గడియారం మారదు, మనకంటే మూడున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం 5:10 అంటే మనకి 8:40, ఇంటిల్లిపాదీ అన్నాలు తినే వేళకి హాయిగా చూడొచ్చు. న్యూజిలాండ్ జూలైలో మనకంటే ఆరున్నర గంటలు ముందు: అక్కడి రాత్రి 7:05 మనకి మధ్యాహ్నం 12:35. సెప్టెంబరు చివరి ఆదివారం నుంచి వాళ్లు గంట ముందుకి జరుపుతారు, తేడా ఏడున్నర అవుతుంది. సిడ్నీకి నాలుగున్నర, అక్టోబరు మొదటి ఆదివారం నుంచి అయిదున్నర. అర్జెంటీనా ఎనిమిదిన్నర గంటలు వెనక. అక్కడి మ్యాచ్‌లు అర్ధరాత్రి దాటాకే అనుకోండి.

ఏడాది లెక్క: ఫిబ్రవరి, మార్చి ఆరు ఐరోపా జట్ల సిక్స్ నేషన్స్. జూలైలో, నవంబరులో టెస్టులు. 2026 నుంచి ఈ రెండు నెలల టెస్టుల్ని రెండేళ్లకోసారి నేషన్స్ ఛాంపియన్‌షిప్‌గా, 12 జట్లతో ఆడిస్తున్నారు: ఆరు ఐరోపా జట్లు, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, అర్జెంటీనా, వాటితో జపాన్, ఫిజీ. ప్రసార హక్కులు ప్రతి సీజనుకీ చేతులు మారతాయి కాబట్టి, ఏదైనా యాప్‌కి ఏడాది చందా కట్టేముందు ఆ టోర్నీ అందులో ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: మా జట్టు వరుసగా రెండు మ్యాచ్‌లు గెలిచినా ర్యాంకింగ్ పాయింట్లు కదల్లేదు. ఒక్కటి ఓడితే కుప్పకూలింది. అన్యాయం కదా? (మంగళగిరి)

జవాబు: అన్యాయం కాదు. ఇవి కూడుకునే పాయింట్లు కావు, ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరు లాక్కునేవి. కాగితం తీసుకుని చేసి చూడండి. మీ జట్టుకి 90.00, ఎదుటి జట్టుకి 86.00, ఆట మీ సొంతగడ్డ మీద. సొంతగడ్డకు లెక్కలో మూడు కలుపుతారు: 93 లోంచి 86 తీస్తే తేడా 7. మీరు గెలిస్తే ఒకటిలోంచి ఆ ఏడులో పదో వంతు తీసేస్తారు, అంటే 1 – 0.7. దక్కేది 0.3 మాత్రమే. ఓడితే 1 + 0.7, పోయేది 1.7. డ్రా అయినా మీకు 0.7 పోతుంది. పదిహేను పాయింట్లకు మించిన తేడాతో ఫలితం తేలితే ఒకటిన్నర రెట్లు. ప్రపంచకప్‌లో రెట్టింపు.

లెక్కలో తేడా 10కి చేరితే మీ గెలుపుకి దక్కేది సున్నా. మీ రెండు విజయాలూ అలాంటి బలహీన జట్ల మీదే అయ్యుంటాయి.

ప్రశ్న: ప్రపంచకప్‌లో ఐర్లండ్ ఎందుకు క్వార్టర్‌ఫైనల్ దాటలేకపోతోంది? శాపమా? (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: శాపం కాదు. పాత కారణాలు వేరు, 2023ది వేరు. ఆ ఏడాది వాళ్లు నంబర్ వన్‌గా, వరుసగా 17 గెలిచి వచ్చారు. కానీ గ్రూపుల డ్రా 2020 డిసెంబరులోనే తీశారు, అదీ 2020 జనవరి ఒకటో తేదీ ర్యాంకింగ్‌లతో. మూడేళ్లలో జట్ల బలాలు తారుమారయ్యాయి. ఫలితంగా ఫ్రాన్స్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ నాలుగూ డ్రాలో ఒకే సగంలో పడ్డాయి, క్వార్టర్స్‌లోనే రెండు ఇంటికి పోక తప్పలేదు. ఐర్లండ్‌కి న్యూజిలాండ్ తగిలింది, 28–24తో ఓడింది. చివరి దాడిలో ఐర్లండ్ 37 ఫేజుల పాటు (ఒక పట్టు నుంచి ఇంకో పట్టు దాకా ఒక ఫేజు) బంతిని తన దగ్గరే ఉంచుకుంది. ఆఖరికి న్యూజిలాండ్ ఆటగాడు శామ్ వైట్‌లాక్ బంతి మీద చేతులేసి పెనాల్టీ తెచ్చాడు. పైన తెనాలి పాఠకుడికి చెప్పిన మూడో మనిషి అతనే. ఆ అయిదు నిమిషాలూ వెతికి పట్టుకుని చూడండి.

ఆస్ట్రేలియాలో జరిగే 2027 కప్పుకి 24 జట్లు ఆడతాయి. ఈసారి డ్రాను 2025 డిసెంబరుకి, ఆ ఏడాది నవంబరు టెస్టులన్నీ అయ్యాకే తీశారు. ఆ మార్పు రావాల్సిందే.

ప్రశ్న: మన దేశానికి రగ్బీతో ఏ సంబంధమూ లేదంటారు మా స్నేహితులు. నిజమా? (సింగ్ నగర్, విజయవాడ)

జవాబు: ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా కొట్లాడుకునే కప్పు మన రూపాయలతో చేసిందే. 1873లో కలకత్తాలో పెట్టిన రగ్బీ క్లబ్బు సభ్యులు తగ్గిపోయి నాలుగైదేళ్లకే మూతపడింది. బ్యాంకులో మిగిలిన డబ్బును వెండి రూపాయల్లో తీసుకుని, 270 నాణేలు కరిగించి కప్పు పోయించి ఇంగ్లండ్ రగ్బీ సంఘానికి ఇచ్చేశారు. అదే కలకత్తా కప్. తొలి మ్యాచ్ 1879లో ఎడిన్‌బరోలో జరిగి డ్రా అయింది. దాని పిడులు మూడూ పడగెత్తిన నాగుపాములు, మూత మీద ఏనుగు. టీవీలో కప్పు దగ్గరగా చూపినప్పుడు మీ స్నేహితులకి చూపించండి.

నేటి మాటకొస్తే, 15 మంది ఆటలో మన మహిళల జట్టు 2018లో తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడింది. మరుసటి ఏడాది మనీలాలో సింగపూర్ మీద 21–19తో తొలి గెలుపు సాధించింది. ఆసియా ఛాంపియన్‌షిప్‌లో డివిజన్లు ఒక్కొక్కటీ ఎక్కితే తప్ప ప్రపంచకప్ అర్హత దాకా పోలేం. ఆ మెట్లు ఇంకా చాలా ఉన్నాయి. మనవాళ్లని వెంటనే అనుసరించాలంటే సెవెన్స్ మేలు. ఏడుగురితో, సగానికి ఏడు నిమిషాలతో ఆడే ఈ ఆట ఏషియన్ గేమ్స్‌లో ఉంది. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్ కూడా సెవెన్సే. ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. విదేశీ స్టార్లతో పాటు మన దేశపు కుర్రాళ్లు అందులో ఆడారు. ఆ పేర్లు రాసి పెట్టుకుని, జాతీయ జట్టు జాబితా వచ్చినప్పుడు పక్కన పెట్టి చూసుకోండి.