ట్రాలీ టైరుకు గ్రిప్పు కంటే వయసే ముఖ్యం

ప్రశ్న: మాది ఉద్దానంలో కవిటి దగ్గర ఊరు. 2018లో తిత్లీ తుఫాను తర్వాత, పడిపోయిన కొబ్బరి చెట్లను తరలించడానికి రెండు చక్రాల ట్రాక్టర్ ట్రాలీ కొన్నాం. ఆ పని అయిపోయాక అది ఏడాదిలో ఎక్కువ రోజులు కళ్లంలోనే ఎండకు ఉంటోంది. టైర్ల గ్రిప్పు బాగానే ఉంది గానీ పక్కల సన్నని పగుళ్లు వచ్చాయి. ఒక టైరు మీద 3518 అనే అంకెలున్నాయి. వచ్చే వారం కొబ్బరికాయల లోడుతో విజయనగరం వెళ్లాలి. టైర్లు మార్చనక్కర్లేదని మా బావగారు అంటున్నారు. ఒక్కటి మారిస్తే సరిపోతుందా? బయలుదేరే ముందు ఏమేం చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, కవిటి మండలం

జవాబు: రెండు టైర్లూ మార్చిన తర్వాతే లోడు ఎత్తండి. మీరు రాసిన అంకెల్లో మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి కాబట్టి, ఆ టైరు 2018లో 35వ వారంలో తయారైనది. రెండో టైరు మీద కూడా ఈ అంకెలు చూడండి. కొన్నిసార్లు అవి ట్రాలీ కిందివైపుకు ఉండిపోతాయి గనుక వంగి వెతకవలసి వస్తుంది.

మీ బావగారు గ్రిప్పు చూసి అలా చెప్పి ఉంటారు. రోజూ తిరిగే లారీకి ఆ లెక్క చాలావరకు సరిపోతుంది గానీ, నెలల తరబడి కదలకుండా ఉండే ట్రాలీకి సరిపోదు. ఎండ, గాలిలోని ఓజోన్ రబ్బరును పెళుసు చేయకుండా తయారీలోనే అందులో మైనం వంటి రక్షక పదార్థాలు కలుపుతారు. చక్రం తిరుగుతూ టైరు వంగి లేస్తూ ఉంటేనే అవి పైపొరకు చేరుతూ ఉంటాయి. బండి కదలకపోతే ఆ రక్షణ తగ్గిపోయి, గ్రిప్పు కొత్తదిలా ఉండగానే పక్కలు పగులుతాయి. అందుకే ఇటువంటి టైర్లకు ఐదారేళ్లు దాటాక గ్రిప్పు ఎంత ఉన్నా నమ్మకూడదు. పగులును బొటనవేలితో నొక్కి తెరిచి చూడండి. లోపల దారాలు కనిపించినా, ఎక్కడైనా ఉబ్బు తగిలినా ఆ టైరు పొలం పనికి కూడా పనికిరాదు.

ఒక్క టైరే మారిస్తే, ఒకే ఇరుసుకు ఒకవైపు కొత్తదీ మరోవైపు పగిలినదీ ఉండి, పాతది దారిలో పేలితే రెండు చక్రాల ట్రాలీ ఆ పక్కకే ఒరిగిపోతుంది. కొత్తవి రెండూ ఒకే సైజు, ఒకే రకం, ఒకే ప్లై రేటింగు (టైరు ఎంత బలమైనదో తెలిపే అంకె) ఉన్నవి తీసుకోండి. టైరుతో పాటు ట్యూబు, మీ రిమ్ముకు ఫ్లాపు (ట్యూబుకూ రిమ్ముకూ మధ్య ఉండే రబ్బరు పట్టీ) ఉంటే అదీ కొత్తవే వేయించండి. సముద్రపు గాలికి ఉద్దానంలో రిమ్ములు త్వరగా తుప్పు పడతాయి. ఆ తుప్పు పెచ్చులు ట్యూబును కోసేస్తాయి గనుక, టైరు ఊడదీసినప్పుడే రిమ్మును గీకించి, రంగు వేయించి, ఆరిన తర్వాత బిగించమనండి. షాపుల వాళ్లు తొందరలో వదిలేసే పని ఇదే, కాబట్టి మీరు దగ్గరుండి చేయించుకోవాలి.

గాలి విషయంలో అంచనా పనికిరాదు. టైరు మీద ముద్రించిన గరిష్ఠ లోడును, దానికి తగిన గాలిని చూసి, బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గేజితో కొలవండి. గాలి తక్కువైన టైరు లోడు కింద పక్కలు ఎక్కువగా వంగి, వేడెక్కి, లోపలి పొరలు విడిపోయి పేలుతుంది. దారిలో వేడెక్కినప్పుడు గాలి పెరగడం సహజం, అప్పుడు తీసేయకండి. టైరు మీద ఏ8 అని ఉంటే దాని వేగ పరిమితి గంటకు 40 కిలోమీటర్లు. హైవే ఖాళీగా ఉన్నా అంతకు మించకండి.

చక్రం ఊడదీసే ముందు ఇరుసును జాకీతో లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. కదిలితే బేరింగ్ సరి చూసి, గ్రీజు మార్పించాలి. నట్లను ఎదురెదురుగా బిగించాలి. కొత్తగా బిగించినవి కొంత దూరం వెళ్లాక వదులవుతాయి గనుక, పలాసలో ఒకసారి ఆపి మళ్లీ బిగించండి. అక్కడే హబ్బు (చక్రం మధ్యభాగం) దగ్గర చేయి పెట్టి చూస్తే, ఒకవైపు చేయి ఆనించలేనంత వేడి ఉంటే ఆ చక్రాన్ని సరిచేశాకే ముందుకు కదలాలి. స్టెప్నీలో గాలి కూడా ఇంటి దగ్గరే కొలిచి పెట్టుకోండి. ఇంకొక మాట: కాయల మీద కూలీలను కూర్చోబెట్టి తీసుకెళ్లకండి. ట్రాలీ సరుకుకు మాత్రమే, మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధం. టైరు పేలితే ముందుగా కింద పడేది వాళ్లే.

ప్రశ్న: సీజను అయిపోయాక ట్రాలీ టైర్లను ఎలా ఉంచాలి?
— ఒక రైతు, నరసన్నపేట

జవాబు: లోడు దించేసి, ఇరుసు కింద దుంగలో సిమెంటు దిమ్మలో పెట్టి చక్రాలు నేలకు ఆనకుండా లేపి ఉంచండి. నీడ లేకపోతే చక్రాలకు ఎండ తగలకుండా గోనెసంచులు కప్పండి. డీజిలు, ఆయిలు టైర్ల మీద పడితే సబ్బునీళ్లతో కడిగేయండి. తిరిగి వాడే ముందు గాలి కొలిచి, వాల్వు మీద సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.