షుగర్ మాత్రలు వాడుతున్నాను... కీటో మంచిదా, పేలియో మంచిదా?

ప్రశ్న: నా వయసు 44. మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా చెన్నైలోని వేలచ్చేరిలో ఉంటున్నాం. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. మూడేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్రతో పాటు ఏడాదిగా డాపాగ్లిఫ్లోజిన్ కూడా వేసుకుంటున్నాను. మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 7.8, చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ 148 ఉన్నాయి. మా చెల్లెలు కీటో డైట్ చేసి బాగా సన్నబడింది. జిమ్ ట్రైనర్ మాత్రం పేలియో మేలంటున్నారు. వారంలో రెండు మూడు రోజులే మాంసాహారం తింటాను. ఈ రెండింటిలో నాకు ఏది మంచిది?
– ఒక సోదరి, చెన్నై

జవాబు: మీరు ఏ డైట్ ఎంచుకున్నా ముందుగా మీ మాత్రల సంగతి తేలాలి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. డాపాగ్లిఫ్లోజిన్ రక్తంలోని గ్లూకోజ్‌ను మూత్రం ద్వారా బయటికి పంపిస్తుంది. ఈ మాత్ర వేసుకుంటూనే, పిండిపదార్థాలను బాగా తగ్గించే కీటో మొదలుపెడితే తిండి ద్వారా వచ్చే గ్లూకోజ్ చాలావరకు ఆగిపోతుంది, ఉన్నది బయటికి పోతూ ఉంటుంది. దాంతో ఇన్సులిన్ బాగా తగ్గి, కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలను అదుపు లేకుండా తయారుచేసి, రక్తంలో ఆమ్లం పెరిగే కీటోఅసిడోసిస్ అనే ప్రమాదకరమైన స్థితి రావచ్చు. సాధారణంగా ఈ స్థితిలో షుగర్ 300, 400 దాటి ఉంటుంది కనుక ఇంట్లోవాళ్లు త్వరగా గుర్తిస్తారు. ఈ మందు వాడేవారిలో మాత్రం గ్లూకోమీటర్‌పై 180 మాత్రమే కనిపించవచ్చు. అందుకే అజీర్తి అనుకుని ఆలస్యం చేసే ప్రమాదం ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ తరగతి మందుల గురించి 2015లోనే హెచ్చరించింది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం వస్తే మీటర్ ఎంత చూపించినా ఎమర్జెన్సీకి వెళ్లి, ఏ మాత్ర వాడుతున్నారో, అన్నం ఎప్పుడు మానేశారో రెండూ చెప్పండి.

గ్లిమిపిరైడ్‌తో ఉన్న చిక్కు వేరు. మీరు తిన్నా తినకపోయినా అది క్లోమం నుంచి ఇన్సులిన్‌ను రాబడుతుంది కాబట్టి, మోతాదు తగ్గించకుండా అన్నం మానేస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో ఈ బెడద దాదాపు ఉండదు. మీ డాక్టర్‌ను కలిసి మందులు సరిచేయించుకోకుండా కీటో మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇక రెండు పద్ధతుల మధ్య తేడా చూద్దాం. కీటో 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మూర్ఛ రోగుల కోసం రూపొందిన ఆహారం. ఇందులో పిండిపదార్థాలు రోజుకు 20 నుంచి 50 గ్రాములు మించకూడదు, కేలరీలలో దాదాపు 70 శాతం కొవ్వు నుంచే రావాలి. వంద గ్రాముల అన్నంలోనే 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుందంటే ఆ పరిమితి ఎంత ఇరుకైనదో అర్థమవుతుంది. పేలియోకి ఇలాంటి లెక్క లేదు. వ్యవసాయం రాకముందు మనిషి తిన్నవాటికే పరిమితం కావాలన్నది దాని సూత్రం. 1985లో ఈటన్, కానర్ అనే పరిశోధకులు ఒక వైద్య పత్రికలో రాసిన వ్యాసంతో ఈ ఆలోచన వైద్యుల్లో చర్చకు వచ్చింది. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, పండ్లు, బాదం వంటి గింజలు తినవచ్చు. ధాన్యాలు, పప్పులు, పాలు, పెరుగు, చక్కెర మానాలి. నెయ్యి, పనీర్ కీటోలో నడుస్తాయి, పేలియోలో పనీర్‌కు చోటు లేదు. చిలగడదుంప, అరటిపండు, తేనె పేలియోలో నడుస్తాయి, కీటోలో కుదరవు. మన వేరుశనగ పప్పుజాతికి చెందినది కనుక పేలియోలో అదీ ఉండదు.

మైదా, చక్కెర, ప్యాకెట్ చిరుతిళ్లను రెండూ పక్కన పెట్టిస్తాయి. నా ఉద్దేశంలో వీటివల్ల కలిగే మేలులో అధిక భాగం ఇక్కడినుంచే వస్తుంది. కానీ కంది, పెసర, శనగలను కూడా రెండూ తీసేయమంటాయి. నా అభ్యంతరం అక్కడే.

2009లో స్వీడన్‌లో టైప్ 2 షుగర్ ఉన్న 13 మందిపై జరిగిన అధ్యయనంలో, మామూలు షుగర్ డైట్ కంటే పేలియోతో హెచ్‌బీఏ1సీ ఎక్కువగా తగ్గింది. ఫలితం మంచిదే అయినా 13 మందిని చూసి అందరికీ సూత్రం చెప్పలేం. 2022లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం మీ ప్రశ్నకు ఇంకా దగ్గరగా ఉంది. అందులో పాల్గొన్నవారు 12 వారాలు కీటో, మరో 12 వారాలు మధ్యధరా ఆహారం తీసుకున్నారు. రెండింటిలోనూ చక్కెర, మైదా వంటివి లేవు, కూరగాయలు బాగా ఉన్నాయి. పప్పులు, పండ్లు, పొట్టు తీయని ధాన్యాలు మధ్యధరా ఆహారంలో ఉన్నాయి, కీటోలో లేవు. చివరికి హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కీటోలో ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు ఎక్కువగా తగ్గాయి కానీ ఎల్‌డీఎల్ పెరిగింది, పీచు తగ్గింది. ఇప్పటికే 148 ఎల్‌డీఎల్ ఉన్న మీకు నెయ్యి, కొబ్బరినూనె, చీజ్‌తో నడిచే ఆహారాన్ని నేను సూచించను. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర అవసరమా అన్నది కూడా మీ డాక్టర్‌తో ఈసారి తప్పక మాట్లాడండి.

పేలియో విషయానికొస్తే, వారంలో నాలుగైదు రోజులు శాకాహారం తినే మీకు పప్పు, పెరుగు, పనీర్ తీసేస్తే మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయి? మెనోపాజ్‌కు దగ్గరపడుతున్న వయసులో ఎముకలకు కాల్షియం కావాలి, దాన్ని మనకు రోజూ ఇచ్చేది గిన్నెడు పెరుగే. అందువల్ల పేలియోలోని కూరగాయలు, చేపలు, గుడ్లు, గింజలు తీసుకుని, అది వద్దన్న పప్పును, పెరుగును కొనసాగించండి.

చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వారు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో కలిసి చేసిన అధ్యయనం ఆధారంగా, కొత్తగా షుగర్ బయటపడినవారు దాన్నుంచి బయటపడేందుకు కేలరీలలో పిండిపదార్థాలు 49 నుంచి 54 శాతం ఉంటే చాలని 2022లో సూచించారు. మీకు బరువు కూడా తగ్గాలి కనుక ఇంకాస్త కిందికి వెళ్లి, రోజుకు 1,500 కేలరీలలో 150 గ్రాముల దగ్గర ఉంచుకోవచ్చు. ఉదయం నాలుగు ఇడ్లీల బదులు బియ్యం కలపని పెసరట్లు రెండు తినండి. మధ్యాహ్నం ముందు రెండు కప్పుల బీరకాయ, సొరకాయ, బెండకాయ వంటి కూర, గట్టిపప్పు తిని, ఆ తర్వాత వంద గ్రాముల అన్నం, చివర పెరుగు. చేపలు వండిన రోజు వేపుడు కాకుండా పులుసు పెట్టుకోండి. సాయంత్రం గుప్పెడు వేరుశనగలు, రాత్రి ఒక చిన్న జొన్నరొట్టెతో గుడ్లో, పనీరో, ఆకుకూరో సరిపోతుంది. కొర్రలు, సామలు అన్నానికి బదులుగా తినేవే. వాటిలోనూ పిండిపదార్థం ఉంది కాబట్టి కొలత తప్పకూడదు.

మీ చెల్లెలు మొదటి వారాల్లో తగ్గిన బరువులో కొంత నీరే ఉంటుంది. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఖర్చయినప్పుడు దానితో పాటు నీరు కూడా పోతుంది. అందుకే ఆమెతో మీ తూకాన్ని పోల్చుకోకండి.

ఈ మార్పు మొదలుపెట్టిన రెండు వారాలు ఉదయం పరగడుపున, రాత్రి భోజనానికి ముందు షుగర్ చూసి రాసిపెట్టుకోండి. 90 కంటే తరచూ తగ్గుతుంటే గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించే విషయం మీ డాక్టర్‌తో వెంటనే మాట్లాడండి, సొంతంగా ఆపవద్దు. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ కోసం లిపిడ్ ప్రొఫైల్, కిడ్నీల పనితీరు కోసం క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోండి.