పలకరింపుల బరువు

ప్రశ్న: మేము కడప జిల్లా నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డాం. మా అపార్ట్‌మెంట్‌లో ట్యూషన్ చెప్పే వ్యక్తి తొమ్మిదేళ్ల పాపతో అసభ్యంగా ప్రవర్తించాడని ఆమె తల్లిదండ్రులు గత నెల పోలీసులకు ఫిర్యాదు చేశారు. వారూ తెలుగువారే, కన్నడం అంతంతమాత్రం. అందరం వెళ్లి పలకరిస్తున్నాం. కానీ మమ్మల్ని చూడగానే పాప లోపలి గదిలోకి వెళ్లిపోతోంది. తొక్కుడుబిళ్ల ఆటకు కిందికి రావడం మానేసింది. ఇరుగుపొరుగుగా మేమేం చేయాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు ఆ పలకరింపులు ఆపండి. చావింట్లో జరిగింది చెప్పుకుంటే గుండె బరువు తగ్గవచ్చు. ఇక్కడ వచ్చిన ప్రతివారూ పళ్ల సంచి బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి, ‘ఏం జరిగింది తల్లీ’ అన్నప్పుడల్లా బిడ్డ ఆ రోజులోకి మళ్లీ వెళ్లవలసి వస్తుంది. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పాప వాంగ్మూలాన్ని ఇంటి వద్దగానీ పాప కోరిన చోటగానీ, వీలైనంత వరకు మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వచ్చి నమోదు చేయాలి. సాక్ష్యం కోసం బిడ్డను కోర్టుకు పదేపదే పిలిపించకూడదు. కోర్టుకే లేని హక్కు పక్క ఫ్లాటు వారికి ఎక్కడిది?

భాష సంగతి తేలికగా తీసుకోకండి. పోలీసులు వాంగ్మూలం రాసుకునే భాష పాపకు అర్థం కాకపోతే అనువాదకుణ్ణి ఏర్పాటు చేయాలని అదే చట్టం చెబుతోంది. కన్నడం వచ్చు కదా అని మీలో ఎవరూ ఆ పనికి పూనుకోవద్దు. రోజూ కనిపించే పిన్ని ఎదుట ఏ బిడ్డా నోరు విప్పదు. కేసు నడిచినంత కాలం తోడుండే సహాయక వ్యక్తిని బాలల సంక్షేమ కమిటీ నియమించగలదు, తక్షణ ఖర్చులకు సాయం సిఫారసు చేయగలదు. ఆ కమిటీని అడగమని తల్లికి చెప్పండి. మానసిక వైద్యానికి మీ ఊళ్లోనే నిమ్హాన్స్‌లో పిల్లల విభాగం ఉంది.

మీ వాట్సాప్ గ్రూపులో ఫ్లాటు నంబరు, బడి పేరు ఉంటే ఈ రోజే తీసివేయించండి. అసోసియేషన్ పెద్దలు రాజీ మాట ఎత్తితే మొహమాటం లేకుండా కాదనండి. మీరు అడగలేదు గానీ, ఆ ట్యూషన్‌కు వెళ్లిన ఇతర పిల్లల గురించి ఏమైనా తెలిస్తే పోలీసులకు తెలపడం చట్టరీత్యా తప్పనిసరి. పిల్లల సహాయవాణి 1098కి కూడా ఫోన్ చేయవచ్చు.

ఇక తొక్కుడుబిళ్ల. రోజూ ఆడే వేళకే మీ పిల్లల్ని వెళ్లి తలుపు తట్టి పిలవమనండి. రానంటే బతిమాలకుండా వచ్చేసి, మరునాడు మళ్లీ పిలవమనండి. ఎప్పుడైనా పాప తనంతట తానే మీతో చెప్పబోతే, అడ్డుప్రశ్నలు వేయకుండా విని, నమ్ముతున్నానని చెప్పి, ఆమెకు తెలిసేటట్లే తల్లికి ఆ మాట చేరవేయండి. మీ వారితో కూడా అనకండి.